ఆరుద్రమ్మ, కేరాఫ్ పరిశీలన గడి

మా ఎర్రదిన్నె మండలంలో పోయిన ఏడాది జూన్ ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం వాన పడింది. వానాకాలం మాత్రం మొదలు కాలేదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. మా ఆఫీసులో లేరు.

ఆఫీసంటే మండల జీవ సూచికల విత్తన కేంద్రం. అందులో నేను జూనియర్ అసిస్టెంటును, పేరు వన్నూరుస్వామి. పదకొండేళ్లుగా అది ఉత్త విత్తన కేంద్రమే. "జీవ సూచికల" అన్న మాట ఆ ఏడాది ఏప్రిల్లో వచ్చి చేరింది. బోర్డు మీద చోటు లేక "మండల"కీ "విత్తన"కీ మధ్య సన్నక్షరాలతో ఇరికించి రాయించాం. దూరం నుంచి చూస్తే అక్కడేదో కొట్టేసినట్టుంటుంది.

ఆ మాట ఎలా వచ్చిందో చెప్పాలి. రాజధానిలో ఒక పెద్దమనిషికి ఏదో సదస్సులో జ్ఞానోదయమైంది. జీవులు తమ పరిసరాలకు ప్రతిస్పందిస్తాయట. వాన వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకుని గోడలెక్కుతాయి. తూనీగలు కిందికి దిగి తిరుగుతాయి. ఆరుద్ర కార్తెలో తొలి వానకు నేల తడిస్తే, ఎర్ర మఖమల్ గుడ్డను చింతగింజంత ముక్కలు చేసి చల్లినట్టు ఆరుద్ర పురుగులు మట్టిలోంచి బయటికొస్తాయి. వాటిని చూసి రైతు విత్తనం వేసే గొర్రు కడతాడు. ఈ సంగతి మా సీమలో పలక పట్టని పిల్లకు కూడా తెలుసు. పెద్దమనిషికి యాభై ఏడో ఏట తెలిసింది. అంత ఆలస్యంగా తెలిసిన విషయాన్ని ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. "జీవవాణి" పథకం పుట్టింది.

మార్గదర్శకాలు నలభై రెండు పేజీలు. మూడో పేజీలో అసలు సంగతి ఉంది: "జీవులు పర్యావరణానికి ప్రతిస్పందించును. సదరు ప్రతిస్పందనను అధికారులు నిర్ణీత నమూనాలో నమోదు చేసిన పిమ్మట మాత్రమే పర్యావరణము మారినట్లు పరిగణించవలెను. వానాకాలము ప్రారంభమైనట్లు ధ్రువీకరణ వెలువడే వరకు వేరుశెనగ విత్తనము గోదాము దాటరాదు."

ధ్రువీకరణ ఎలా? ప్రతి మండల కేంద్రం ఆవరణలో ఒక చదరపు మీటరు మేర "అధికారిక పరిశీలన గడి" ఉండాలి. అందులో ఆరుద్ర పురుగు కనిపించాలి. రాష్ట్ర పరిశీలకులు వచ్చి, అది ప్రాణంతో ఉండగా కళ్లారా చూసి సంతకం పెట్టాలి. అప్పుడు వానాకాలం.

గడిని మే నెలలో ప్రారంభించారు. ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారు, బూట్లకు మట్టి అంటుతుందని మా అధికారి పరాంకుశం గారు ఆ చదరపు మీటరుకు టైల్స్ వేయించారు. చుట్టూ స్టీలు గొట్టాల కంచె. పక్కన బోర్డు: "జీవులు ఇక్కడ ప్రతిస్పందించును. తాకరాదు." అటెండరు రోజూ పొద్దున్నే తడిగుడ్డతో టైల్స్ తుడిచేవాడు. చూడ్డానికి గడి అద్దంలా ఉండేది.

పరాంకుశం గారి గురించి కూడా ఒక మాట. మంచివాడు. లంచం తీసుకోడు, ఒకర్ని పరుషంగా అనడు. రాసి ఉన్నదాన్ని నమ్ముతాడు. రాసి లేనిదాన్ని, కళ్లెదుట ఉన్నా సరే, నమ్మడు.

ఇరవై నాలుగో తేదీ పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి హనుమక్క మెట్ల మీద కూర్చుని ఉంది. అరవై ఏళ్ల మనిషి, మొగుడు లేడు. ఎర్రనేల చేను ఒక్కటే ఎకరం. ఆ ఎకరంలో వేరుశెనగ వేస్తే ఆ ఏడంతా ఊళ్లో ఉంటుంది, వేయకపోతే బెంగుళూరు పోయి మేస్త్రీల దగ్గర ఇసుక మోస్తుంది. అంతకు ముందు ఏడాది మోసింది కూడా. తిరిగొచ్చినప్పుడు కుడిభుజం పైకి లేచేది కాదు.

"సార్, వాన బాగా పడినాది," అంది. "చేన్లో యాడ జూసినా ఆరుద్రమ్మలే. కాలు పెట్టనీకి సందు ల్యాదు. ఇత్తనం ఇయ్యండి, రేపు ఒలుచుకోని ఎల్లుండి ఏసుకుంటా."

మా దగ్గర ఇచ్చేవి తొక్కతో ఉన్న కాయలు. వొలిచి గింజలు చేసుకుంటే గానీ విత్తడానికి లేదు. మూడు బస్తాలు ఒక ఎకరానికి సరిపోతాయి. బస్తాలన్నీ ఆమె కూర్చున్న చోటికి ఇరవై అడుగుల దూరంలో, గోదాములో ఉన్నాయి. తాళంచెవి నా జేబులో ఉంది.

పరాంకుశం గారు బయటికొచ్చి చాలా మర్యాదగా చెప్పారు. "అమ్మా, మీ చేనులో కనిపించిన జీవులు అనధికార జీవులు. వాటి ప్రతిస్పందనను మేము పరిగణనలోకి తీసుకొనుటకు అవకాశం లేదు."

"అంటే?"

"మా గడిలో కనిపించాలి."

హనుమక్క లేచి వెళ్లి గడి చూసింది. కంచె పట్టుకుని వంగి, టైల్స్ మీద ముక్కు ఆనేంతగా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"బండ పరిచినారు కదా నాయనా. కింద ఉండేవి పైకెట్ల వస్తాయి?"

నేను నీళ్లు నమిలాను. పరాంకుశం గారు నమల్లేదు. "ప్రకృతి తన మార్గం తాను వెతుక్కుంటుంది," అన్నారు.

"ఒక్క బండ పీకేస్తే?"

"ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. ఇంజనీరింగ్ విభాగం అనుమతి కావాలి. అంచనా, టెండరు, నలభై అయిదు రోజులు."

హనుమక్క వేళ్లు మడిచి లెక్క వేసుకుంది. "ఈ పదును నాలుగు దినాలుంటాది సార్. ఈ పొద్దు ఒకటి. ఇరవై ఏడో తారీకు పొద్దుగూకే లోపల గింజ నేలబడల్ల. ఆ తర్వాత భూమి గట్టిపడిపోతాది. మళ్లీ వాన యాన్నాడొస్తాదో యెవురికెరుక?"

పదునంటే మా వైపు విత్తడానికి సరిపోయే తడి: మట్టి చేతిలో పట్టి పిడికిలి బిగిస్తే ముద్దవుతుంది, వదిలితే విడిపోతుంది. అలా ఉన్నప్పుడే గింజ వేయాలి. మార్గదర్శకాల్లో ఆ మాట ఉందేమోనని పరాంకుశం గారు నలభై రెండు పేజీలూ తిరగేశారు. లేదు. అంచేత పదును గురించి ఆయన ఏమీ అనలేదు.

మర్నాడు అద్భుతం జరిగింది. పొద్దున పదింటికి, మూడో టైలుకీ నాలుగో టైలుకీ మధ్య సిమెంటు నెర్రిచ్చిన చోట ఎర్రగా ఏదో కదిలింది. దగ్గరికి పోయి చూశాను. ఆరుద్ర పురుగే. ఎలా దూరిందో, ఎంత తిప్పలు పడిందో, సిమెంటు సందులోంచి బయటికొచ్చి ఎండలో నిలబడింది. నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. ఆఫీసంతా పరిగెత్తుకొచ్చింది. పరాంకుశం గారు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూసి, "నమోదు చేయండి," అన్నారు.

ఫోనులో జీవవాణి యాప్ తెరిచి నమోదు చేశాను. కనిపించిన జీవి: ఆరుద్ర పురుగు. సంఖ్య: ఒకటి. రాష్ట్ర పరిశీలకురాలు డాక్టర్ మాధురీలత గారికి కబురు వెళ్లింది. పక్క జిల్లాలో ఉన్నారట, మూడు గంటల్లో వస్తామన్నారు.

నలభై నిమిషాల్లో ఇంకొకరు వచ్చారు. సస్యరక్షణ విభాగం దస్తగిరి గారు. వీపు మీద మందు ట్యాంకు, చేతిలో పిచికారీ గొట్టం, ముక్కుకు గుడ్డ. మోటారు సైకిల్ దిగుతూనే, "యాడుందప్పా పురుగు?" అన్నారు.

నేను చూపించాను. మర్యాదకొద్దీ చూపించాను. ఆయన కంచె మీంచి గొట్టం చాపి గడినంతా తడిపేశారు.

పరాంకుశం గారు కంచె దగ్గరికి ఉరికొచ్చారు. "ఏమిటండీ ఈ పని?"

"యాప్‌లో పురుగు అని పడినాది సార్. పురుగు అని యాడ పడినా ఇరవై నాలుగ్గంటల్లో మందు కొట్టల్ల, మాకు ఉత్తర్వులు." దస్తగిరి గారు ముక్కు గుడ్డ కిందికి లాగారు. ముఖం వెలిగిపోతోంది. "నలభై నిమిషాల్లో కొట్టినా. జిల్లాలో ఇంత బిరీన కొట్టినోడు ఇంకొకడు ల్యాడు."

"అది చంపే పురుగు కాదయ్యా, చూసే పురుగు!"

"మాకు ఒకటే రకం ఉంది సార్, పురుగు అని. మీకు ఏరే రకముంటే ఏరే పేరు పెట్టుకోండి." ఆయన నమోదు పుస్తకంలో నాచేత సంతకం చేయించుకున్నారు. విస్తీర్ణం ఒక చదరపు మీటరు, ఫలితం నూరు శాతం.

మాధురీలత గారు ఒంటిగంటకు వచ్చారు. టైలు మీద పురుగు వెల్లకిలా పడి ఉంది. ఆవిడ భూతద్దం తీసి, మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు చూశారు. తర్వాత ఇంకా బాధాకరమైన సంగతి చెప్పారు.

"కాళ్లు ఎనిమిది ఉన్నాయి."

"పుట్టుకతోనే అంతే మేడమ్," అన్నాను.

"కీటకమునకు ఆరు కాళ్లు మాత్రమే ఉండవలెను. ఎనిమిది ఉన్నచో అది సాలీడు వర్గము. కనుక మీరు పురుగు అని నమోదు చేసిన జీవి పురుగు కాదు. నమోదు చెల్లదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "పురుగు కానప్పుడు మందు కొట్టడం తప్పే కదా మేడమ్?"

"నమోదులో పురుగు అని ఉన్నది కనుక మందు కొట్టుట సక్రమమే." ఆవిడ భూతద్దం సంచిలో పెట్టుకున్నారు. "జీవి వాస్తవముగా ఏమిటన్నది శాస్త్రము. నమోదులో ఏమున్నదన్నది పరిపాలన. రెంటినీ కలపరాదు."

నివేదికలో ఆవిడ రాసిన వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "సదరు జీవి తొలుత ప్రతిస్పందించి, తదుపరి తన ప్రతిస్పందనను ఉపసంహరించుకున్నది."

ఇదంతా హనుమక్క కంచె పక్కన నిలబడి చూసింది. చచ్చిన పురుగును రెండు వేళ్లతో తీసి, అవతల చెట్టు మొదట్లో మట్టి తవ్వి పెట్టింది. నావైపు చూడకుండా వెళ్లిపోయింది. ఆ చూడకపోవడం నన్ను రోజంతా పొడిచింది.

ఇరవై ఆరు. మూడో రోజు. హనుమక్క పొద్దున ఎనిమిదికే వచ్చింది. కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె తీసింది. తెరిస్తే లోపల తడిమట్టి మీద ఏడు ఆరుద్ర పురుగులు.

"మీ బండల్లోంచి రావు గదా. నేనే తెచ్చినా. దీంట్లో ఇడువు నాయనా."

పరాంకుశం గారు అగ్గిపెట్టెలోకి తొంగి చూశారు. పాపం, ఆయనకూ ఆశ పుట్టింది. కానీ వెంటనే మార్గదర్శకాలు గుర్తొచ్చాయి. "ఇవి గడిలో పుట్టినవి కావు. వేరే చోటు నుంచి తెచ్చిన జీవికి స్థానికత ధ్రువీకరణ పత్రం కావాలి. గడిచిన ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఇదే చోట నివసించినట్టు."

"ఏడేండ్లా? ఇవి ఏడాదిలో నాలుగు దినాలు కనపడతాయి సార్!"

"అందుకే పత్రం అవసరం," అన్నారు పరాంకుశం గారు.

హనుమక్క అగ్గిపెట్టె నా బల్ల మీద పెట్టి ముక్కున వేలేసుకుంది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పోయినేడు ఇసుక మోసొచ్చినా. ఈ భుజంతో మళ్లీ మోయలేను నాయనా. రేపటికి గింజ పడకపోతే నేను బతికేదెట్ల?"

నేను పిరికివాణ్ణి. పదకొండేళ్ల సర్వీసులో పై అధికారి మాటకు ఎదురు చెప్పింది లేదు. గోదాము తాళం నా జేబులోనే ఉన్నా, తీసి ఇచ్చే దమ్ము నాకు లేదు. నాకు చేతనైంది రాయడం ఒక్కటే. దస్తగిరి గారన్న మాట గుర్తొచ్చింది: వేరే పేరు పెట్టుకోండి. స్థానికత సంగతి తర్వాత, ముందు మందు కొట్టని పేరొకటి దొరకాలి. యాప్ తెరిచాను. "కనిపించిన జీవి" అన్న చోట మొదట "పట్టు పురుగు" అని కొట్టాను. మల్బరీ ఆకు ఎప్పుడెప్పుడు వేయాలో చెబుతూ నాలుగు సలహాలొచ్చాయి. చెరిపేశాను. ఇక హనుమక్క ఏమంటుందో అదే కొట్టాను: "ఆరుద్రమ్మ".

తెర ఒక్క క్షణం ఆగింది. తర్వాత నేనెన్నడూ చూడని పేజీ తెరుచుకుంది. "కొత్త రైతు నమోదు. ఆరుద్రమ్మ గారికి స్వాగతం."

ఆ యాప్ రాసినవాడికి మన పేర్ల సంగతి బాగా తెలిసినట్టుంది. "అమ్మ" అని ముగిస్తే ఆడమనిషి, "అప్ప" అని ముగిస్తే మగమనిషి అని దానికి నేర్పి పెట్టాడు. వెనక్కి పోదామంటే మీట పనిచేయలేదు. ముందుకే పోనిస్తుంది. సరే కదా అని ముందుకే పోయాను.

భర్త పేరు అడిగింది. ఆలోచించి "వానప్ప" అని కొట్టాను. తీసుకుంది. వయసు: మూడు రోజులు అని కొట్టబోయాను, సంవత్సరాల్లోనే చెప్పమంది. మూడు అన్నాను. "వయసు సరిచూడగలరు" అని ఎర్రక్షరాలొచ్చాయి. అరవై మూడు చేశాను. చిరునామా: మండల కేంద్రం ఆవరణ, పరిశీలన గడి. భూమి: ఒక చదరపు మీటరు. సొంతమా, కౌలా? ఎంత ఆలోచించినా తేలక సొంతం అన్నాను. ఫొటో కావాలంది. అగ్గిపెట్టెలోంచి ఒకదాన్ని తీసి, అటెండరు అప్పుడే తుడిచిన టైలు మీద వదిలి ఫొటో తీశాను.

"గడిలో వదలాకు అంటిరి కదా?" అంది హనుమక్క.

"పురుగులకైతే స్థానికత కావాలి. రైతుకు చిరునామా ఉంటే చాలు."

వేలిముద్ర దగ్గర ఆగిపోయాం. అయితే దానికీ దారి ఉంది. పని చేసి చేసి వేలిగీతలు అరిగిపోయినవాళ్లు మా మండలంలో సగం మంది. వాళ్లకోసం "వేలిముద్ర పడదు, నామినీ వేలిముద్ర" అన్న వెసులుబాటు ఉంది. నామినీగా హనుమక్క వేలు పెట్టింది. మూడోసారికి పడింది.

తెర మీద పచ్చటి గుర్తు వచ్చింది. కింద రాసిన ముక్క చదివి నేను కళ్లు తేలేశాను. "పరిశీలన గడి చిరునామా గల రైతును ప్రదర్శన క్షేత్ర రైతుగా గుర్తించడమైనది. ప్రదర్శన నిమిత్తం, వానాకాల ధ్రువీకరణతో సంబంధం లేకుండా, కనీస కేటాయింపు మూడు బస్తాలు తక్షణం విడుదల చేయవలెను."

కాగితం తీసుకుని పరాంకుశం గారి గదిలోకి వెళ్లాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్లీ చదివారు.

"ఆరుద్రమ్మ ఎవరు?"

కిటికీలోంచి చూపించాను. టైలు మీద ఎర్రగా నడుస్తోంది.

ఆయన చాలాసేపు చూశారు. కిటికీలోంచి కాగితంలోకి, కాగితంలోంచి కిటికీలోకి. అంతా అయిపోయింది, నా ఉద్యోగం పోయింది అనుకున్నాను. కానీ కాగితం మీద సంఖ్య ఉంది, తేదీ ఉంది, పచ్చటి గుర్తుంది. పరాంకుశం గారు అలాంటి కాగితాన్ని కాదన్న మనిషి కాదు.

"ఫొటోలో ముఖం స్పష్టంగా లేదు," అన్నారు చివరికి.

"ఉన్న ముఖం అదే సార్."

"సరే. వ్యవస్థ గుర్తించిన తరువాత మనం సందేహించరాదు. నామినీకి విడుదల చేయండి." సంతకం పెట్టి, పెన్ను మూత పెడుతూ, "ఎక్కువ భూమి లేనట్టుంది పాపం," అన్నారు.

తాళం తీశాను. హనుమక్క మూడు బస్తాలూ ఎద్దులబండి మీద వేయించుకుంది. గేటు బయట అప్పటికే నలభై యాభై మంది రైతులు చేరారు. అందరి కళ్లూ ఆ బస్తాల మీదే. వాళ్లను చూసి నాకూ తెగింపు వచ్చింది. మళ్లీ యాప్ తెరిచి "ఆరుద్రక్క" అని కొట్టాను. "ఈ చిరునామాలో ఇదివరకే ఒక రైతు ఉన్నారు" అంది. "ఆరుద్రప్ప" అని కొట్టాను. అదే మాట. సాయంత్రం దాకా పదిహేడు పేర్లు కొట్టాను. మీటరు నేలకు ఒక్క రైతే అంది.

ఆ సాయంత్రం హనుమక్క ఇంటి ముందర వీధంతా కూర్చుని కాయలు వొలిచిందని విన్నాను. విత్తనం దొరకనివాళ్లు దొరికినదాని కోసం వొలిచారు. ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నానికి ఆమె ఎకరంలో గింజ పడింది. మిగతా నాలుగు వందల ఇళ్లవాళ్లు ఇరవై ఎనిమిదిన మట్టి పట్టి పిడికిలి బిగించి చూశారు. ముద్ద కాలేదు.

ఆ తర్వాత గడిలో ఏ జీవీ కనిపించలేదు. దస్తగిరి గారి మందు టైల్స్ సందుల్లో బాగా పనిచేసింది. జులైలో మాధురీలత గారి తుది నివేదిక వచ్చింది: "వాన కురిసినట్లు ఏ జీవియూ ధ్రువీకరించలేదు." ఆగస్టులో రైతులంతా కలిసి, బీడు పడ్డ చేలకు నష్టపరిహారం అడుగుతూ అర్జీ పెట్టారు. జవాబు నేనే టైపు చేశాను. కాలమే ప్రారంభం కాలేదు కనుక పంట వేయకపోవడం అన్నది జరగలేదని, జరగనిదానికి నష్టం ఉండదని. టైపు చేసిన రోజు అన్నం సహించలేదు. సెప్టెంబరుకు మా వీధిలోనే పదకొండిళ్లకు తాళాలు పడ్డాయి. అందరూ బెంగుళూరు బస్సెక్కారు. బస్టాండులో వాళ్లు కనిపిస్తే నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి. జీతం వచ్చే మనిషికి దాక్కోవడానికి ఎప్పుడూ ఒక సందు ఉంటుంది.

నవంబరులో జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది విత్తనం అందుకున్నవారిలో నూటికి నూరు శాతం పంట తీసిన రైతు జిల్లాలో ఒక్కరే ఉన్నారట. ఎర్రదిన్నె మండలానికి చెందిన శ్రీమతి ఆరుద్రమ్మ, భర్త వానప్ప. ఉత్తమ రైతు సన్మానానికి స్వయంగా హాజరు కావాలి.

పరాంకుశం గారు ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచారు. హనుమక్కను పిలిపించారు. "అమ్మా, ఆమెను ఎలాగైనా ఒక్క పూటకు పిలుచుకు రావాలి."

"పిలిస్తే వచ్చేది గాదు సార్ అది. వానొస్తేనే వస్తాది."

చివరికి నామినీయే వెళ్లింది. వేదిక మీద హనుమక్కకు ఎర్ర శాలువా కప్పారు. కుడిచెయ్యి పైకి లేవక, ఎడమచేత్తో దండం పెట్టింది. మైకు ముందుకు తోసి, విజయ రహస్యం చెప్పమన్నారు. హనుమక్క మైకు వైపు అనుమానంగా చూసింది.

"రహస్యమేముంది సార్? పదునున్నింది, ఏసినా. పదును పోయినాక మీరు బంగారమిచ్చినా భూమి తీసుకోదు."

పెద్దలు చప్పట్లు కొట్టారు. ముందువరసలో జీవవాణి పెద్దమనిషి ఉన్నారు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకోవడం నా కంటబడింది. మళ్లీ ఏదో పథకం పుట్టబోతోందనుకున్నాను.

అనుకున్నట్టే మార్చిలో కొత్త మార్గదర్శకాలొచ్చాయి. జీవులను నమ్మలేమని తేలింది, అవి ఉపసంహరించుకుంటాయి. ఇకపై విత్తనం విడుదలకు "పదును" ఒక్కటే ఆధారం. పదును ఉన్నదీ లేనిదీ అధికారిక పరిశీలన గడిలో యంత్రం పెట్టి కొలవాలి. యంత్రం వచ్చింది. ఏప్రిల్ పన్నెండున, పొద్దున తొమ్మిదిన్నరకు, అటెండరు తడిగుడ్డతో టైల్స్ తుడిచిన అయిదు నిమిషాలకు దాన్ని గడిలో పెట్టాం. ముల్లు పచ్చరంగులోకి వెళ్లి నిలబడింది. పరాంకుశం గారు ఉత్తర్వు చదివారు: పదును ఉన్నందున రైతులు తక్షణం విత్తవలెను, గోదాము ఖాళీ చేయవలెను.

బయట ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. చేలల్లో మట్టి ఇటుకలా మోగుతోంది. ఉగాదికి ఊరొచ్చినవాళ్లు ఇంకా తిరిగి పోలేదు. నాలుగు వందల ఇళ్లవాళ్లూ వచ్చి వరసలో నిలబడి, వేళ్లు పెట్టి, బస్తాలు తీసుకున్నారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. హనుమక్క ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి పెట్టిందట: ఇచ్చినప్పుడు తీసుకోండి, ఏసేటప్పుడు నేల జూసి ఏసుకోండి. బస్తాలు అటకల మీదికీ మంచాల కిందికీ చేరాయి. "నూరు శాతం విత్తడమైనది" అని పరాంకుశం గారు నివేదిక పంపారు. మెచ్చుకోలు ఉత్తరం అందుకున్నారు.

ఈ ఏడాది జూన్ ఇరవై ఒకటిన వాన పడింది. మర్నాడు నేను సెలవు పెట్టి హనుమక్క చేనుకు వెళ్లాను. నేలంతా ఎర్రెర్రగా కదులుతోంది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గట్టు మీదే నిలబడ్డాను. చుట్టూ ఎటు చూసినా జనం గొర్లు కడుతున్నారు. తాళాలు పడిన పదకొండిళ్లవాళ్లూ ఉన్నారు. ఒకతను దూరం నుంచి నన్ను చూసి చెయ్యూపాడు. నేనూ ఊపాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

హనుమక్క వంగి ఒకదాన్ని అరచేతిలోకి ఎక్కించుకుంది. ఎనిమిది కాళ్లతో దర్జాగా నడిచి వేలి చివర దాకా పోయింది. నా చెయ్యి అలవాటు కొద్దీ జేబులోని ఫోను మీదికి పోయింది. ఆమె అది చూసింది.

"ఈసారి దాని పేరు యాడా రాయాకు నాయనా," అంది.

ఫోను తీయలేదు. ఆఫీసులో ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.